పేరు ఎవరిది? ఓటు ఎవరిది?

రిజిస్టరైన సంఘం పేరు మార్చడం గుమాస్తా పని అని చాలామంది అనుకుంటారు. సర్వసభ్య సమావేశం తీర్మానం, సవరించిన నియమావళి, జిల్లా రిజిస్ట్రార్ ముద్ర. ఇంతేగదా అంటారు. ఇంతే కాదని మేమంటున్నాం. ఆ పేరు ఎవరి మీద పడుతుందో వాళ్లకి ఆ తీర్మానంలో ఓటుందా లేదా అన్నది అసలు ప్రశ్న.

చరిత్రలో రెండు దారులు కనిపిస్తాయి. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభకు వచ్చినవాళ్లు, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన కూర్చుని, 'పంచమ' అన్న మాటే మాకొద్దన్నారు. మేం ఆది ఆంధ్రులం అన్నారు. నాలుగు వర్ణాల లెక్కకు తోక కావడం వాళ్లకిష్టం లేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను తన కాగితాల్లోకి తీసుకుంది. ముందు జనం తేల్చుకున్నారు, తర్వాత సర్కారు ఒప్పుకుంది.

రెండోది 1932 దారి. పూనా ఒప్పందం జరిగిన వారం లోపే అస్పృశ్యతా నివారణకు అఖిల భారత సంస్థ పుట్టింది. బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ కార్యదర్శి. కొన్నాళ్లకే అది హరిజన సేవక సంఘ్ అయింది. మొదట దాని కేంద్ర బోర్డులో ఉన్న అంబేద్కర్ బయటికొచ్చేశారు. నిర్వహణలో అంటరానివాళ్లకు చోటేదని అడిగితే, ఇది సవర్ణుల ప్రాయశ్చిత్తం, అప్పు తీర్చాల్సింది వాళ్లే అన్నది గాంధీ వాదన. సరే, అప్పుపడ్డోళ్లు అప్పు తీర్చాలె గానీ, అప్పిచ్చినోళ్లకి పేరు పెట్టుడేంది? ఆ మాటను అంటరానివాళ్లే సూచించారని ఆయన చెప్పుకున్నాడు. ఉత్తరం ముక్క జనం తీర్మానం అవుతుందా?

1982లోనే కేంద్ర హోం శాఖ 'హరిజన' మాట వాడొద్దంది. అది అవమానకరమైన మాట అని 2017లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా ఆ సంఘ్ పేరు మారలేదు. ఎందుకంటే పేరు మార్చే ఓటు సభ్యులదే.

ఆ సభ్యుడెవరు? 1860 నాటి సొసైటీల చట్టం 15వ సెక్షన్ చూడండి. చందా మూడు నెలలకు మించి బాకీపడ్డవాడికి ఓటు లేదు, సభ్యుల లెక్కలోకే రాడు. కూలికి పోయేవాడి చందా బాకీ పడక ఏం చేస్తది? మన దగ్గర 2001లో కొత్త చట్టం వచ్చింది. అయినా జాబితాలో పేరు లేనోడి మాటకు విలువ లేదు.

పేరు మారిస్తే భూమి కాగితాలు, బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, విదేశీ నిధుల అనుమతి అన్నీ చెడిపోతాయని కొందరు భయపెడతారు. వాటిల్లో పేరు దిద్దించుకోవాలి, నిజమే. తిరుగుడు తప్పదు. కానీ పేరు మారినంత మాత్రాన సంఘం వేరే సంఘం కాదు. ఆస్తి, అప్పులు, కోర్టు కేసులు అట్లనే కొనసాగుతాయి. పెద్దలు భయపడేది కాగితాలకు కాదు, వాడ జనం వచ్చి ఓటేస్తారేమోనని.

అందుకే పేరు మార్పు కోరే కార్యకర్తలకు మేం చెప్పేదిది. నోటీసు ఇవ్వకముందే వాడవాళ్లను సభ్యులుగా చేర్పించండి. చందా బాకీలు తీర్చే దారి చూడండి. మీటింగు ఆఫీసు వేళల్లో కాదు, కూలి నుంచి తిరిగొచ్చినంక పెట్టండి. నియమావళి చదివి వినిపించండి. ఆ తర్వాతే చేతులెత్తమనండి. జనం లేకుండా పెట్టిన 'దళిత' పేరు కూడా పైనుంచి పడ్డ పేరే. బోర్డు మీది అక్షరాల కన్నా ముందు సభ్యుల రిజిస్టర్ మారాలి.