పెదవులు కలిసే చోట

బొమ్మను మాట్లాడించడానికి అన్నిటికన్నా సులువైన దారి, గొంతు పెరిగే కొద్దీ దవడ తెరుచుకునేలా ముడిపెట్టేయడం. త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో హెచ్చుతగ్గులను దవడ బోన్‌కు తగిలిస్తే చాలు, 'ఆహా' అంటే నోరు తెరుస్తుంది, ఊరుకుంటే మూస్తుంది. ఇక 'అమ్మ' అనిపించి చూడండి. 'మ్మ' పలికేటప్పుడు పెదవులు గట్టిగా కలిసే ఉంటాయి కానీ గొంతు మోగుతూనే ఉంటుంది, గాలి ముక్కులోంచి పోతుంది. కంప్యూటరుకు తెలిసింది మోత ఒక్కటే కాబట్టి బొమ్మ నోరు తెరుచుకునే 'అమ్మ' అంటుంది. ఎక్కడ తప్పిందో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

పాతతరం యానిమేటర్లు మోతను కాక పెదవుల ఆకారాన్ని నమ్ముకున్నారు. 1928 నాటి 'స్టీమ్‌బోట్ విల్లీ' కార్టూన్‌కి డిస్నీ బృందం కదలికలను సంగీతపు లయకు ఫ్రేముల లెక్కన కట్టింది. తర్వాత సంభాషణలను ముందే రికార్డు చేసి, ఏ ఫ్రేములో ఏ ధ్వని పడుతుందో ఎక్స్‌పోజర్ షీటు మీద రాసుకుని నోళ్లు గీసేవారు. యానిమేటర్ ప్రెస్టన్ బ్లెయిర్ తన పాఠ్యపుస్తకంలో గీసి చూపిన నోటి ఆకారాలను విద్యార్థులు ఇప్పటికీ దిద్దుతున్నారు. అక్షరానికో ఆకారం అక్కర్లేదు. ప, బ, మ కంటికి ఒకటే. పలికే చోటును బట్టి అక్షరాలను వరసపెట్టిన మన వర్ణమాల ఈ పనికి సగం సిద్ధంగా ఉన్నట్టే. 'ఫోన్'లోని ఫ మాత్రం పవర్గం వదిలేసి, పై పళ్లు కింది పెదవిని తాకే గుంపులో చేరుతుంది.

ఆకారాలను వరసగా పేర్చినా చాలదు. 'తూర్పు' అనబోతూ అద్దంలో చూసుకోండి: త దగ్గరే పెదవులు గుండ్రమవుతాయి. 'తీరం' అన్నప్పుడు అదే త దగ్గర పక్కలకు సాగుతాయి. నోరు రాబోయే అచ్చుకు ముందే సర్దుకుంటుందన్నమాట. అందుకే సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో నోటి ఆకారాన్ని ధ్వని కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందు పెడతారు.

అసలు పీటముడి భావం దగ్గర పడుతుంది. 1978లో మనస్తత్వవేత్తలు పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ ముఖకవళికలను కండరాల కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి నంబరు ఇచ్చారు. పెదవుల కొసలు పైకి లాగేది 12, బుగ్గలు ఎత్తేది 6. మంచి రిగ్‌లో, అంటే బొమ్మను కదిలించే లోపలి ఏర్పాటులో, 'సంతోషం' అనే ఒక్క స్లయిడర్‌తో సరిపెట్టరు, ఇలాంటి కదలికలకు విడివిడి కంట్రోళ్లు ఉంటాయి. ఇప్పుడు బొమ్మ నవ్వుతూ 'పో' అనాలి. నవ్వు కొసలను బయటికి లాగుతుంది, ఓకారం లోపలికి లాగుతుంది. రెండు షేపులూ కలిపేస్తే మూతి వంకర పోతుంది. రెండూ కలిసినప్పుడే పనిచేసేలా దిద్దుబాటు షేపు ఒకటి విడిగా చెక్కాలి: ఆ రెండు మూడు ఫ్రేములు పెదవులను ఓకారానికి వదిలి, నవ్వును బుగ్గలకూ కళ్లకూ అప్పగించాలి. రిగ్గర్ పనితనం ఇక్కడే బయటపడుతుందని నా అభిప్రాయం.

భావాన్ని కూడా గొంతులోంచే లాగేద్దామనే ఉబలాటం ఈమధ్య ఎక్కువైంది. కోపం వచ్చినా పట్టరాని ఆనందం కలిగినా గొంతు హెచ్చుతుంది, శ్రుతి పెరుగుతుంది. వాటినే కొలిచి కనుబొమలు కదిపితే, లాటరీ తగిలినవాడు కొట్లాటకు వచ్చినట్టు కనిపిస్తాడు. పైగా నోరు అక్షరానికోసారి మారుతుంది, మనసు అంత తొందరగా మారదు. కనుబొమలను నిదానంగా నడిచే వేరే పొరలో ఉంచి, ఏ భావమో మనిషే గుర్తుపెట్టి, అన్నిటి పైనా యానిమేటరు చేతి కంట్రోల్ ఉంచడమే మేలు.

నిమ్మలకుంట తోలుబొమ్మలకైతే పెదవులు కదిలే ఏర్పాటే లేదు. ఆడించేవాళ్ల కాళ్ల కింది చెక్కల చప్పుడుకు చేతుల కీళ్లు ఆడుతుంటే రావణుడి కోపం జనానికి అందుతూనే ఉంది. పెదవుల మీదే నెల రోజులు కూర్చునే రిగ్గర్లు మెడకూ భుజాలకూ నాలుగు రోజులైనా కేటాయించాలి. షాటు పూర్తయ్యాక ఆడియో ఆపేసి ఓసారి చూడటం పాత అలవాటు. అప్పుడు దొరికిపోయేవి తరచు కళ్లే: తల ఇటునుంచి అటు తిప్పినా రెప్ప వాల్చని బొమ్మను మళ్లీ బల్ల మీదికి తేవాల్సిందే.