వెనక్కి తిప్పి చూస్తే

ఈ వారం ఒక ఆన్‌లైన్ వేలంలో టాస్కో కంకణం చూసి మనసు చివుక్కుమంది. పాత మెక్సికో వెండికి అద్దంలా మెరుగు పెట్టించారు. గీతల లోతుల్లోని నలుపంతా పోయింది. అది మురికి కాదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. పనివాడు కావాలనే పల్లాల్లో నలుపు పట్టించి మిట్టల్ని మెరిపిస్తాడు. నలుపు తీసేస్తే మిగిలేది తూకానికొచ్చే వెండి.

ఇక ఫొటోలు చూస్తే సగానికి పైగా వెనక ముద్రవే. విలియం స్ప్రాట్లింగ్ పేరుంది కదా, చాలనుకున్నారు.

ఆయన కథ నాకు ఎంతో ఇష్టం. అమెరికాలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పిన మనిషి 1929లో మెక్సికో వచ్చి టాస్కోలో స్థిరపడ్డాడు. ఆ కొండ ఊరి గనుల నుంచి వెండి అప్పటికే వందల ఏళ్లుగా బయటికి పోతూ ఉండేది. 1931లో అక్కడే కార్ఖానా పెట్టి, దగ్గర్లోని ఇగ్వాలా నుంచి కంసాలుల్ని రప్పించాడు. స్పానిష్‌వాళ్లు రాకముందటి శిల్పాల్లోని రూపాల్ని కొత్తగా గీశాడు. వెండిలో అమెథిస్ట్ రాళ్లూ రోజ్‌వుడ్ చెక్కా పొదిగించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ సరుకు ఆగిపోయి అమెరికా దుకాణాలు ఇటు తిరిగాక, వందలమందికి అక్కడ పని దొరికింది. గీసింది ఆయన. సుత్తి పట్టిందీ, అతుకులు వేసిందీ వాళ్లు. నగ మీద వాళ్ల పేర్లు లేవు. అందుకే ముద్ర చూసి వెల కట్టడం నాకు గిట్టదు.

మరి ఆ చేతుల్లో కొన్నిటి పేర్లయినా మనకెలా తెలిశాయి? కాస్తియో అన్నదమ్ములు స్ప్రాట్లింగ్ దగ్గర పని నేర్చుకుని 1939లో సొంత కార్ఖానా పెట్టారు. వెండి, రాగి, ఇత్తడి ఒకే నగలో పక్కపక్కన అతికే నేర్పు వాళ్లది. స్ప్రాట్లింగ్ ఇంకో శిష్యుడు ఆంటోనియో పినేదా కిరీటం గుర్తులో తన పేరు కొట్టుకున్నాడు. వెయ్యికి 925 పాళ్ల మామూలు వెండి కాదని 970 పాళ్లది వాడాడు. శిష్యుడు గురువు నీడ దాటాడనడానికి లోహం మీద మిగిలిన సాక్ష్యం ఆ ముద్రే. దాన్ని చూడొద్దనడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు.

కాస్తియోల ఇంటి కోడలు మార్గోట్ గీసిన నగలు చాలాకాలం కాస్తియోల ముద్రతోనే బయటికొచ్చాయి. భర్త ఆంటోనియో కాస్తియోతో విడిపోయాక ఆమె సొంత కార్ఖానా పెట్టి, ఎనామెల్ నగల వెనక తన పేరే కొట్టించింది. అలాంటిదొకటి చేతికొస్తే నేనూ ముందు వెనక్కి తిప్పే చూస్తాను.