పిల్లల గేయనాటికలో పాట ఎవరిది?

బాలసాహిత్యం మీద మనం చాలా సభలు పెట్టుకున్నాం, చాలా తీర్మానాలు చేసుకున్నాం. పిల్లల నాటకం మీద, అందులోనూ పాటతో నడిచే గేయనాటిక మీద, గట్టి విమర్శ రాసుకున్నది మాత్రం తక్కువ. బడి వార్షికోత్సవం వస్తే తప్ప ఆ ప్రక్రియ మనకు గుర్తు రాదు. తీరా వెళ్లి చూస్తే ఫోనులోంచి సినిమాపాట మోగుతుంటుంది, వేదిక మీద పిల్లలు పెదవులు కదుపుతుంటారు. వ్యాపార సంస్కృతి అని మనం ఈసడించుకుంటాం. ఆ ఈసడింపు న్యాయమే. కాని దానికి ప్రత్యామ్నాయంగా మనం తయారుచేస్తున్నది ఏమిటి? ఈ ప్రశ్నను మరొకరి రచన మీద పెట్టి తేలిగ్గా తప్పుకోవచ్చు. నేను నా రచన మీదే పెట్టి చూడదలిచాను.

మూడేళ్ల కిందట మా ఊరి నేతపేటలో ఒక నాటక బృందం కోసం గేయనాటిక రాశాను. బృందమంటే పెద్ద సంస్థ ఏమీ కాదు. పగలంతా మగ్గం నేసి రాత్రి రిహార్సలుకు వచ్చే నలుగురు, ఒక బడిపంతులు, ఒక హార్మోనిస్టు, డోలక్ వాయించే ఒక కుర్రాడు. ఎనిమిదేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా పద్దెనిమిదిమంది పిల్లలు. వాళ్లలో సగానికి పైగా బడి నుంచి రాగానే ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవాళ్లే.

కథ ఇది. మగ్గం గుంట పక్కన కండెలు చుట్టే ఒక అమ్మాయి. దూలానికి వేలాడే సాలెపురుగు ఆమె స్నేహితురాలు. సాలెపురుగు తన దారంతో తన కోసమే గూడు అల్లుకుంటుంది, ఈమె తండ్రి మాత్రం షావుకారు నూలుతో షావుకారు కోసం నేస్తాడు. ఈ తేడాను పాటల్లో చెప్పించాను. చివరి రంగంలో పేటలోని పిల్లలంతా ఏకమై, కండెల బుట్టలు గుంటలోకి విసిరేసి, షావుకారును తరిమి, కదంతొక్కుతూ బడికి వెళ్తారు. రాసినప్పుడు ఆ ముగింపు మీద నాకు ఎంతో నమ్మకం. వస్తువు సరైనది, దృక్పథం సరైనది, ఇక లోటేమిటి అనుకున్నాను.

ఆ ముగింపు నా చేత ఎవరు రాయించారు? ఇప్పుడు ఆలోచిస్తే సమాధానం మన రంగస్థల చరిత్రలోనే దొరుకుతున్నది. తెలుగు వేదిక మీద పిల్లవాడి పాత్ర అంటే ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, లవకుశులు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ కూడా ప్రహ్లాదుడి కథే. ప్రహ్లాదుడు ఎదురు తిరిగే పిల్లవాడు, నిజమే. తండ్రిని ధిక్కరిస్తాడు, గురువుల్ని ధిక్కరిస్తాడు. కాని అతని నోట వచ్చే మాటలో అతను కనుక్కున్నది ఏమీ లేదు. పుట్టకముందే తల్లి గర్భంలో విన్న ఉపదేశాన్ని ఒప్పజెబుతాడు. ఒక ప్రభువును కాదని అంతకంటె పెద్ద ప్రభువుకు లొంగుతాడు. మన అభ్యుదయ బాలనాటికల్లో చాలావాటికి ఈ ప్రహ్లాదుడే మూలపురుషుడని నా అభిప్రాయం. విష్ణువు స్థానంలో విప్లవం వచ్చింది, నారదుడి స్థానంలో రచయిత వచ్చాడు. పిల్లవాడు మాత్రం ఇంకా ఒప్పజెబుతూనే ఉన్నాడు.

ప్రజానాట్యమండలి మాటేమిటని అడగవచ్చు. 1943 తరవాత ఆ ఉద్యమం బుర్రకథను పల్లెపల్లెకూ తీసుకువెళ్లింది. 1947లో సుంకర, వాసిరెడ్డి ‘మా భూమి’ రాశారు. అది జనం చేస్తున్న పోరాటాన్నే జనం ముందు నిలబెట్టిన నాటకం. పాడేవాడికీ వినేవాడికీ మధ్య అనుభవంలో దూరం లేదు. మనం ఆ రూపాన్ని తీసుకుని పిల్లల చేతికిచ్చాం గాని, ఆ దూరం సంగతి పట్టించుకోలేదు. పెద్దల అనుభవం లోంచి వచ్చిన పాటను పిల్లవాడి గొంతులో పెడితే అది వాడికి మరో ఎక్కాల పుస్తకమే అవుతుంది.

నా నాటికలో ఈ సంగతి మొదట బయటపెట్టింది సంగీతమే. హార్మోనిస్టు అలవాటు కొద్దీ తన గొంతుకు సరిపోయే ఒకటో శ్రుతి పెట్టాడు. కింది స్వరాలు వచ్చేసరికి పిల్లల గొంతులు వినిపించేవి కావు. ‘గట్టిగా పాడండిరా’ అని వారం రోజులు కేకలేశాం. లోపం పిల్లల్లో లేదు, మా శ్రుతిలో ఉంది. అయిదుకు పెంచగానే అవే గొంతులు వీధి చివరకు వినిపించాయి. పెద్దల గొంతు కొలతను పిల్లలకు తొడిగి, పట్టలేదని పిల్లల్ని తిట్టడం ఒక్క శ్రుతి విషయంలోనే జరుగుతున్నదా?

రెండోది నడక. నా పాటలన్నీ చతురశ్ర గతిలో, కవాతు నడకలో ఉండేవి. పిల్లలు రెండు చరణాలు సరిగ్గా పాడి మూడో చరణంలో జారిపోయేవాళ్లు. తాళం తెలియక తప్పుతున్నారని అనుకున్నాం. డోలక్ కుర్రాడు గమనించి చెప్పాడు: వాళ్లు తప్పడం లేదు, అందరూ ఒకేచోటికి జారుతున్నారు. తకిట తకధిమి, మూడూ నాలుగూ. నాడె పరుగెత్తే చిన్న చప్పుడు, అచ్చు కొట్టే పెద్ద చప్పుడు పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న చెవులు వాళ్లవి. మూడూ నాలుగు మాత్రల ఆ నడకనే 1910లో గురజాడ ముత్యాల సరాలకు ఎత్తుకున్నాడని క్లాసులో పాఠం చెప్పిన వాణ్ణి నేను. నా పేట పిల్లల నోట అదే నడక వినిపిస్తే తప్పు తాళం అనుకున్నాను.

అసలు దెబ్బ చివరి రంగం దగ్గర తగిలింది. ముఖ్యపాత్ర వేసిన అమ్మాయికి పదకొండేళ్లు. రిహార్సలులో అన్నీ చేసింది గాని, కండెల బుట్ట విసిరేయమంటే విసరదు. సిగ్గనుకున్నాం. మూడో రోజు గట్టిగా అడిగితే అన్నది: ‘‘కండెలు గుంటలో పారేస్తే నూలు చిక్కుపడిపోద్ది కదా మాస్టారూ. రేపు మా నాన్న దేంతో నేస్తాడు? పాడైన నూలు షావుకారు కూలిలో పట్టుకుంటాడు.’’

నా దగ్గర జవాబు లేదు. షావుకారు నూలు తూకం వేసి ఇస్తాడని, చీర తూకం చూసి తీసుకుంటాడని, తరుగు నేతగాడి నెత్తిన పడుతుందని నాకు తెలియని సంగతి కాదు. వ్యాసాల్లో రాశాను కూడా. నాటికలోకి వచ్చేసరికి నూలు నాకు ఒక ప్రతీక అయిపోయింది. ఆ పిల్లకు అది నూలే. నా ముగింపు ఆమె తండ్రికి జరిమానా వేసి గెలుస్తున్న విప్లవం.

ఈ స్థితిలో నాకు బ్రెహ్ట్ గుర్తుకు వచ్చాడు. 1930లో ఆయన, కుర్ట్ వైల్ కలిసి బడిపిల్లల కోసం ఒక సంగీతనాటకం తయారుచేశారు. మూలం ఒక జపాను నో నాటకం. తల్లికి మందు తేవడానికి ఒక పిల్లవాడు గురువు బృందంతో కొండలు దాటబోతాడు. దారిలో జబ్బు పడతాడు. అలా పడినవాడిని లోయలోకి తోసేయడం ఆచారం, అందుకు వాడి సమ్మతి అడగడం కూడా ఆచారమే. పిల్లవాడు సరేనంటాడు. బెర్లిన్‌లో నాయ్‌కోల్న్ అనే పేటలోని కార్ల్ మార్క్స్ పాఠశాల విద్యార్థులు దీన్ని చర్చించి, ఆ పిల్లవాడు ఎందుకు సరేననాలని ఆక్షేపించారు. బ్రెహ్ట్ వాళ్ల మాటలు తీసుకుని నాటకం తిరగరాశాడు. అంతేకాదు, పిల్లవాడు కాదని చెప్పి, పాత ఆచారానికి బదులు ప్రతి కొత్త పరిస్థితిలోనూ కొత్తగా ఆలోచించడమనే ఆచారం కావాలని అడిగే జంట నాటకం ఒకటి రాశాడు. రెండూ వీలైనంత వరకు కలిపే ఆడాలన్నాడు. అంతటి నాటకకర్త పిల్లల ఆక్షేపణను తన రచనలో భాగం చేసుకున్నాడంటే అందులో ఔదార్యం కంటె పద్ధతి ఉంది. పిల్లల నాటకానికి మొదటి విమర్శకులు అందులో ఆడే పిల్లలే అనే పద్ధతి.

మేము చివరి రంగాన్ని పక్కనపెట్టి పిల్లల్ని కూర్చోబెట్టాం. బుట్ట విసరకపోతే మరేం చేస్తారని అడిగాం. ఒకడు ‘లెక్కపెడతాం’ అన్నాడు. ఎన్ని కండెలు చుట్టారో, ఎంతసేపు చుట్టారో, చీరకు ఎన్ని పట్టాయో పిల్లలు నిజంగానే లెక్క తెచ్చారు. ఆ లెక్కల్లోంచి, వాళ్ల నడకలోనే, చివరి పాట వచ్చింది:

ఎన్ని కండెలు, ఎన్ని కండెలు,
పొద్దు గూకే దాక చుడితే?
చీర కూలీ నాన్న చేతికి,
కండె కూలీ ఎవరి చేతికి?

మొదటి రెండు పాదాలు పిల్లలవి, తరవాతి రెండూ కూర్చడంలో నా చెయ్యి ఉంది. నాటిక ఈ ప్రశ్నతోనే ఆగుతుంది. షావుకారు పారిపోడు. పిల్లలు కండెల బుట్టలు ప్రేక్షకుల ముందు వరసగా పెట్టి నిలబడతారు.

పేట రామమందిరం ముందు ఆడిన రాత్రి కింద కూర్చున్నవాళ్లు ఆ పిల్లల తల్లిదండ్రులే. చప్పట్లు వెంటనే రాలేదు. ఒక నేతగాడు లేచి, ‘‘మా కూలే మాకు గిట్టడం లేదు, పిల్లలకెక్కడ కడతాం?’’ అన్నాడు. కోపంగానే అన్నాడు. ఆ మాట మీద మందిరం అరుగు మీద చాలాసేపు చర్చ జరిగింది. ఇంట్లో ఆడవాళ్లు చుట్టే కండెలకూ కూలి లేదన్న సంగతి ఒక తల్లి తెచ్చింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నది గాని, బడివేళలు అయ్యాకా సెలవుల్లోనూ ప్రమాదం లేని కుటుంబ వృత్తిలో సాయపడటానికి మినహాయింపు ఇచ్చింది. కండె చుట్టే పిల్ల సరిగ్గా ఆ మినహాయింపులో కూర్చుని ఉంది. చట్టం కళ్లకు ఆమె పని సాయం, షావుకారు లెక్కలో అది చీర కూలిలోనే కలిసిపోయిన పని. నా పాత ముగింపు ఈ సంగతిని తాకనైనా తాకలేదు.

దీనికి రెండు వైపుల నుంచీ ఆక్షేపణ వచ్చింది. పిల్లల నోట కూలీలెక్కలు ఎందుకు, హాయిగా పువ్వులూ పిట్టల మీద పాడించరాదా అన్నారు కొందరు. ఆ లెక్క పిల్లల చేతుల్లో ఉండగా పాటలో ఉండకూడదనడం ఏ సౌందర్య సూత్రం? మన మిత్రులు కొందరు దీనికి విరుద్ధంగా అన్నారు: పోరాటం లేని ముగింపు నిరాశావాదమని, ప్రశ్నతో ఆపడం మధ్యతరగతి సందిగ్ధమని. ఇది తీసిపారేయదగిన మాట కాదు. ప్రశ్న దగ్గర ఆగడం కూడా ఒక ఫాషను కాగలదు. కాని అడిగేవాడికి ఆ ప్రశ్న నిజమైనదా కాదా అన్నది చూడాలి. అరుగు మీద జరిగిన చర్చ నా నినాదంతో జరిగేది కాదు. చప్పట్లు కొట్టి అందరూ ఇళ్లకు వెళ్లేవాళ్లు.

నాటికకు ఉన్న పరిమితి కూడా చెప్పాలి. మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి మళ్లీ రాట్నం ముందే కూర్చుంది. గేయనాటిక కూలిరేటు పెంచదు. ఆ పని సంఘం చేయాలి. సాలెపురుగు పాత్ర చివరి దాకా నా పాత్రగానే మిగిలిపోయింది. అది మాట్లాడినప్పుడల్లా పంతులు మాట్లాడినట్టే ఉందని పిల్లలే అన్నారు, దాన్ని సరిచేయడం నా చేతకాలేదు.

బాలనాటికను సమీక్షించేటప్పుడు వస్తువు ఏమిటి, సందేశం ఏమిటి అని మాత్రమే అడగడం మనకు అలవాటు. మరి కొన్ని అడగాలి. పాట ఏ శ్రుతిలో, ఎవరి గొంతుకు కొలిచి కట్టారు? నడక ఎక్కణ్ణుంచి వచ్చింది? రిహార్సలులో పిల్లలు కాదన్నది ఏమిటి, దానికి రచయిత ఏం చేశాడు? చివరి ప్రశ్నకు ‘పిల్లలు ఏదీ కాదనలేదు’ అని జవాబు వస్తే ఆ నాటికను అనుమానించాలి. నా మొదటి ప్రతిని ఇప్పటికీ దాచి ఉంచాను. కొత్తగా రాయబోయే మిత్రులు అడిగితే రెండు ప్రతులూ ఇస్తాను. వాటి మీద చర్చ జరగాలని నా కోరిక.