బహుమతి గ్రంథములు

సాహిత్య అకాడమీ బహుమతి పొందిన తెలుగు గ్రంథములను వరుసగా చదువవలెనని మేమొక పట్టు పట్టితిమి. 1955లో తొలి బహుమతి సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వచ్చినది. గ్రంథకర్త 1953లోనే గతించిరి. కావ్యమునకు పోవలసిన గౌరవము చరిత్రకేల యని మొదట శంకించితిమి. చదివిన పిదప ఆ శంక నిలువలేదు. మేము అలంకారములకొఱకే చదివిన క్రీడాభిరామమునందు వారు ఓరుగంటి వీధులను, పూటకూటి యిండ్లను, జనుల వేడుకలను చూచిరి. రాజుల యుద్ధములు వెనుకబడి, సామాన్యుల తిండియు, కట్టును, ఆటలును, మూఢనమ్మకములును ముందుకు వచ్చినవి. ఒక్కొక్కచోట కవుల యతిశయోక్తిని సాక్ష్యముగా గైకొనిరేమో యని మాత్రము మా సందేహము.

ఇంతలో మా యింటి యిల్లాలు పట్టిక మొదటి పుటను చూచి, "ఇందులో ఆడువారి పేరొక్కటియు లేదేమండీ?" అని యడిగినది. వ్రేలుంచి వెదకగా 1982 కడ, ఇల్లిందల సరస్వతీదేవిగారి 'స్వర్ణకమలాలు' కథాసంపుటి కడ ఆగితిమి. ఇరువదియేడేండ్లు! ఆ నడుమ స్త్రీలు వ్రాయలేదా? రంగనాయకమ్మగారును, వాసిరెడ్డి సీతాదేవిగారును వ్రాయుచునే యుండిరి. వారి నవలలు మా యింట అట్టలూడునంతగా చదువబడినవి. మా ప్రక్కనే యున్న ఆ పుస్తకములను మేము సాహిత్యమని యెన్నడును లెక్కింపనందుకు సిగ్గుపడితిమి.

వరుస తప్పినది. రెండవ గ్రంథమును తెఱవకమునుపే సరస్వతీదేవిగారి కథలను తెప్పించితిమి. ఇప్పుడామె చదువుచున్నది, మా వంతు ఇంకను రాలేదు.