బ్రాకెట్ బయటి అయాన్: ఒక విమర్శనాత్మక పరిశీలన

వెర్నర్ సిద్ధాంతాన్ని మీరు ఇంతకుముందే చదివారు. హెక్సామ్మీన్ కోబాల్ట్ క్లోరైడ్ ద్రావణానికి సిల్వర్ నైట్రేట్ కలిపితే మూడు క్లోరైడ్‌లూ అవక్షేపిస్తాయి. అందువల్ల వాటిని బ్రాకెట్ బయట రాస్తాం. అంతవరకు సరే. అయితే, బయట ఉన్న ప్రతిఅయాన్ ఆవేశాన్ని తుల్యం చేయడానికి మాత్రమే ఉందని మనలో చాలామంది అనుకుంటారు. ఈ అభిప్రాయాన్ని పరీక్షిద్దాం.

వెర్నర్ పరీక్ష ద్రావణంలో జరుగుతుంది. అక్కడ నీటి అణువులు అయాన్లను విడదీస్తాయి. స్ఫటికంలో అవి పక్కపక్కనే ఉంటాయి. పెంటాసయనోనికెలేట్ ఆనయాన్‌ను తీసుకోండి. ట్రిస్ (ఇథిలీన్‌డైఅమీన్) క్రోమియం కాటయాన్‌తో ఏర్పడిన దీని జలయుత లవణ నిర్మాణాన్ని రేమండ్, కార్‌ఫీల్డ్, ఐబర్స్ 1968లో ప్రకటించారు. ఒకే స్ఫటికంలో ఈ ఆనయాన్ రెండు ఆకృతుల్లో కనిపించింది: ఒకటి చతురస్ర పిరమిడ్, మరొకటి విరూపణ చెందిన ట్రైగోనల్ బైపిరమిడ్. కాటయాన్‌లోని ఇథిలీన్‌డైఅమీన్ స్థానంలో 1,3-ప్రొపేన్‌డైఅమీన్ ఉన్న లవణంలో చతురస్ర పిరమిడ్ మాత్రమే ఉంది.

టెట్రాక్లోరోక్యుప్రేట్ విషయమూ ఇంతే. సీజియం లవణంలో అది నొక్కినట్లున్న చతుర్ముఖి. అమ్మోనియం లవణంలో నాలుగు క్లోరైడ్‌లు ఒకే తలంలో ఉంటాయి. పక్క యూనిట్ల క్లోరైడ్‌లు రెండు కొంత దూరంగా చేరి సాగిన అష్టముఖిని పూర్తి చేస్తాయి. అమ్మోనియంకు హైడ్రోజన్ బంధాలు ఏర్పరచే శక్తి ఉంది, సీజియంకు లేదు.

అలాగని అంతా ప్రతిఅయాన్ మహిమే అనడం మరో పొరపాటు. పై ఉదాహరణల్లో ఆకృతుల మధ్య శక్తి భేదం స్వల్పం. కాబట్టే చిన్న ఒత్తిడికే త్రాసు మొగ్గింది. నికెల్ లవణంలోని స్ఫటిక జలానికీ ఇందులో పాత్ర ఉంది. హెక్సామ్మీన్ కోబాల్ట్ అయాన్ అలా కాదు. ప్రతిఅయాన్ మారితే స్ఫటికంలో దాని అమరిక మారవచ్చు గానీ, అష్టముఖి అష్టముఖిగానే ఉంటుంది.

పొరుగు అణువుల ప్రభావాన్ని పట్టించుకునే ఈ దృష్టికి మన దగ్గరే పునాది ఉంది. గౌతమ్ ఆర్. దేశిరాజు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1989లో స్ఫటిక ఇంజనీరింగ్‌పై ప్రామాణిక గ్రంథం వెలువరించారు. అయితే అది కర్బన ఘనపదార్థాల గురించినది. అయాన్ల మధ్య నిర్దిష్ట దిశ లేని స్థిరవిద్యుదాకర్షణ కూడా బలంగా పనిచేస్తుంది కనుక, ఆ సూత్రాలను సంశ్లిష్టాలకు యథాతథంగా అన్వయించలేం.

సారంగాపూర్‌లో ఇంటివద్దే చదువుకునే విద్యార్థికి ఎక్స్-కిరణ వివర్తన పరికరం అందుబాటులో ఉండకపోవచ్చు. ఫార్ములాను చివరిదాకా చదవడానికి ఆ పరికరం అక్కర్లేదు. సంశ్లిష్టం ఆకృతి చెప్పేటప్పుడు అది ఏ లవణంలోనిదో కూడా చెప్పండి. లేకపోతే మీ జవాబు సగమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ప్రతిఅయాన్ మారినా హెక్సామ్మీన్ కోబాల్ట్ ఆకృతి మారదు, టెట్రాక్లోరోక్యుప్రేట్ ఆకృతి మారుతుంది. ఎందుకు?