కొప్రా వాసన ఎవరికి తెలుస్తుంది?

మన సంచికల్లో గత కొన్నేళ్ళుగా వచ్చిన జ్ఞాపకాల వ్యాసాలన్నీ ఈమధ్య ఒక్కచోట పెట్టుకుని చదివాను. దాదాపు ప్రతి వ్యాసంలోనూ తొలకరి వానకి తడిసిన మట్టి వాసన ఉంది. రాసినవాళ్ళలో సగంమంది ఆంధ్రదేశం మట్టిని ఒకటి రెండుసార్లు మించి తొక్కి ఉండరు. నేను పుట్టి పెరిగిన బాగన్ దాతుక్‌లో మాత్రం గాలి నిండా కొప్రా వాసనే. చిప్పలు కాల్చిన పొగ, ఎండుతున్న కొబ్బరి చమురు కంపు, సముద్రం ఉప్పు, అన్నీ కలిసిన వాసన అది. దాని మీద ఒక్కరూ ఒక్క వాక్యం రాయలేదు. నాతో సహా.

ఇది ఊహాశక్తి లోపమని మొదట విసుక్కున్నాను. తర్వాత మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకం తిరగేస్తే వేరే కారణం కనిపించింది. జ్ఞానేంద్రియానికి తగిలేది సంవేదన. మనసు దానికి అర్థం చెప్పుకుంటే అది ప్రత్యక్షం. మన అన్నంభట్టు కూడా తర్కసంగ్రహంలో ప్రత్యక్షాన్ని నిర్వికల్పకం, సవికల్పకం అని విడగొట్టాడు. రెండు విభజనలూ అచ్చంగా ఒకటి కావు గానీ చుట్టాలే. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతూంటే ముక్కు, మెదడు రెండూ దానికి బదులు పలకడం తగ్గించేస్తాయి. కొన్నాళ్ళు ఊరు వదిలి వస్తే మళ్ళీ గుప్పుమంటుంది. అంటే కొప్రా గురించి రాయాల్సినవాళ్ళకే కొప్రా వాసన తెలియదు! అలవాటు వస్తువును మాయం చేస్తుందనీ, దాన్ని మళ్ళీ కనబడేట్టు చేయడమే కళ పని అనీ రష్యన్ విమర్శకుడు విక్టర్ ష్క్లోవ్‌స్కీ 1917లో రాశాడు. మన వ్యాసకర్తలు ఆ కష్టం పడకుండా అరువు వాసన తెచ్చుకున్నారని నా ఫిర్యాదు.

ఇక బయటనుంచి వచ్చి మన గురించి రాసే పెద్దల సంగతి. మాకు దగ్గర్లోని తెలుక్ ఇంతాన్‌లో ఒక వాలు గోపురం ఉంది. 1885లో కట్టారు. బయటనుంచి చూస్తే ఎనిమిది అంతస్తులు. లోపలికి వెళ్తే మూడే. కన్ను అబద్ధం చెప్పలేదు, అది చూసినవి ఎనిమిది వరసలు. వాటిని అంతస్తులని పిలిచింది మనసు. అతిథులు మా రామాలయం చూస్తారు, ఉగాది పచ్చడి రుచి చూస్తారు, పిల్లలచేత ఒక పద్యం చెప్పించుకుంటారు. తిరిగి వెళ్ళి, ఇక్కడ తెలుగు చెక్కుచెదరలేదని రాస్తారు. లోపల ఎన్ని అంతస్తులున్నాయో మాకు తెలుసు. అయినా ఆ వ్యాసాలు అచ్చయితే మురిసిపోయి ఫోటోకాపీలు తీయించి పంచుకుంటాం.

మూడో రకం వ్యాసాలు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. మన పిల్లలకి ‘ళ’ పలకదు, బద్ధకం, భాషాభిమానం లేదు అని వాపోయేవి. అలాంటి వ్యాసం రాయకపోయినా, ఆ పని నేను చేశాను. ఆదివారం తెలుగు తరగతిలో ఒక కుర్రవాడు ‘కళ’ను ‘కల’ అనేవాడు. ఇంట్లో మలయ్, ఇంగ్లీషు తప్ప వేరే భాష వినని పిల్లవాడు. పదిసార్లు పలికించాను. “తాతా, రెండూ ఒకటే కదా!” అన్నాడు. ఎదురు చెప్తున్నాడనుకుని అందరిముందూ మందలించాను. మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన ప్రయోగం గురించి చాలా ఆలస్యంగా చదివాను. ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్ళు హిందీలోని ‘త’, ‘ట’ల తేడా పట్టుకోగలిగారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందికి ఆ తేడా అందలేదు. చెవి చెడిపోలేదు. ఇంట్లో పనికొచ్చే తేడాలనే మనసు ఉంచుకుంటుంది. పెద్దయ్యాక నేర్పితే కొంత రాబట్టవచ్చు గానీ, దానికి ఓపిగ్గా వినిపించాలి, గద్దించకూడదు. ఆ కుర్రవాడు చెప్పింది పొగరు కాదు, తనకి వినబడిన నిజం. నా సంగతే చూడండి. ఇన్నేళ్ళుగా చైనీస్ దుకాణంలో బేరాలాడుతున్నాను. వాళ్ళ భాషలో గొంతు ఎత్తు మారితే మాటే మారిపోతుందట. నాకు ఈనాటికీ అన్నీ ఒకటిగానే వినిపిస్తాయి. నన్నెవరూ బద్ధకస్తుడనలేదు.

కాబట్టి ఆ వ్యాసాలు రాసినవారిని నా మనవి ఒక్కటే. పిల్లలు ఏం పలకలేదో రాశారు. వాళ్ళకి ఏం వినబడిందో ఒక్కరైనా అడిగారా?

ఆ అబ్బాయి పోయిన ఉగాదికి గుడి దగ్గర కనిపించాడు. నాకంటే పొడుగు ఎదిగాడు. “బాగున్నారా తాతా” అన్నాడు. అక్కడితో అతని తెలుగు ఆగిపోయింది. మిగతాదంతా మలయ్‌లోనే మాట్లాడుకున్నాం.