నమూనా రైలింజను: రూపసత్యము, నిర్మాత ధర్మము

నమూనా రైలింజనును విమర్శకు తగిన వస్తువుగా గ్రహించుట కొందరికి వింతగా తోచవచ్చును. అది బాలుర ఆటవస్తువే గదా యనువారును కలరు. కాని ఆవిరి యింజనులు నిత్యవ్యవహారమునుండి తొలగిపోయిన యీ కాలమున, వాని స్వరూపము ముందుతరములవారికి తెలియుటకు నమూనా యొక ముఖ్యసాధనము. మ్యూజియములోని యంత్రమును చూచుటకు ప్రయాణము చేయవలెను. నమూనా మన బల్లమీదనే యుండును. కనుక అది చెప్పునది సత్యమా యని విచారించుట అవసరము. ఆ సత్యమును ఎంతకాలము నిలుపగలవని నిర్మాత నడుగుటయు అంతే యవసరము. ఈ రెండు ప్రశ్నలను వేరుచేసి చూచుటయే నేటి నమూనాల గుణనిర్ణయములోని పెద్ద లోపమని నా యభిప్రాయము.

ఇంగ్లండులో లివర్‌పూలు నగరమున మెకానో సంస్థను నెలకొల్పిన ఫ్రాంకు హార్న్‌బీ 1920లో బొమ్మరైళ్ళను విక్రయింప నారంభించెను. 1927 మొదలుకొని ఆ సంస్థ వెలువరించిన పెద్ద యింజనులకు ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’, ‘రాయల్ స్కాట్’, ‘కెయర్‌ఫిలీ కాసిల్’ మున్నగు సుప్రసిద్ధ నామములుంచిరి. పేర్లు వేరైనను శరీర మించుమించుగా ఒక్కటియే, రంగులలోనే భేదము. అసలు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు ముందు నాలుగు చిన్న చక్రములు, నడుమ ఆరు చోదక చక్రములు, వెనుక రెండు చిన్న చక్రములు కలవు. తక్కిన రెండింటికి చోదక చక్రములు ఆరే గాని వెనుక చక్రములు లేవు. బొమ్మకు మాత్రము చోదక చక్రములు నాలుగు, వెనుకవి రెండు! ఆ రూపము మూడింటిలో దేనిదియు గాదు. ఒకే విగ్రహమునకు వస్త్రములు మార్చి ఒకనాడు రాముడనియు, ఒకనాడు కృష్ణుడనియు కొలిచినట్లైనది. 1937లో అదే సంస్థ ‘ప్రిన్సెస్ ఎలిజబెత్’ను నిజమైన చక్రక్రమముతో నిర్మించినప్పుడు ఈ పద్ధతి కొంత మారినది.

చక్రముల లెక్క సరిపోయినంత మాత్రమున చరిత్ర సరిపోదు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ 1923లో డాన్‌కాస్టరు కర్మాగారమున 1472 సంఖ్యతో పుట్టినది. 1924లో 4472 అయినది. 1934 నవంబరు 30న గంటకు నూరు మైళ్ళ వేగము నందుకొన్నది. 1947లో కొత్త బాయిలరుతో వేరొక తరగతిలో చేరినది. జాతీయ రైల్వే పాలనలో 60103 సంఖ్యను ధరించినది. పొగను పైకి మళ్ళించు రేకులు దాని ముందుభాగమున ఇరుప్రక్కల అమర్చబడినది 1961లో. 1963లో నిత్యసేవనుండి విరమించినది. ఇట్టి యంత్రమునకు పేరొక్కటే గాని రూపములు పెక్కు. ఆ రేకులు తగిలించిన నమూనాపై 4472 అని వ్రాసి, 1934 నాటి వేగవిజేత యని విక్రయించినచో, అది ఎంత సొగసైనదైనను అసత్యమే. నమూనా పెట్టెపై యింజను పేరుతో పాటు అది ఏ సంవత్సరపు రూపమో కూడ ముద్రింపవలెను.

రాజీలన్నియు దోషములు కావు. బ్రిటిషు నమూనాలు చాలవరకు అసలులో 76వ వంతు. కాని అవి నడచు పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అసలు వెడల్పగు 1435 మిల్లీమీటర్లను ఆ వంతున తగ్గించినచో 18.83 రావలెను. బ్రిటిషు యింజనులు సన్ననివి గనుక ఆనాటి మోటారులు 87వ వంతు శరీరములో ఇముడలేదు. అందువలన శరీరమును పెంచి పట్టాను అట్లే యుంచిరి. కారణము తెలిసిన రాజీ క్షమార్హము. తెలుపక చేసినది వంచనకు చేరువ.

ఇక రెండవ ప్రశ్న. 1950ల దశకమున ట్రై-యాంగ్ సంస్థ వాడిన ఎక్స్-04 మోటారు స్థూలమైనది. కాని స్క్రూ విప్పిన బయటికి వచ్చును. అరిగిన బ్రష్షులను ఇంటివద్దనే మార్చుకొనవచ్చును. భాగముల సంఖ్యలతో కూడిన మరమ్మతు పత్రములను ఆ సంస్థ వెలువరించెను. కనుకనే ఆ బొమ్మలు కొన్ని తాతల చేతినుండి మనుమల చేతికి వచ్చి నేటికిని పరుగెత్తుచున్నవి. నేటి నమూనాలలో రివెట్లు లెక్కపెట్టదగినంత స్పష్టముగా నుండును. కాని కొన్నిటి మోటారులు విప్పుటకు వీలులేనివి. ఇరుసుమీది ప్లాస్టిక్ పళ్ళచక్రము చీలినచో మార్చుటకు మరియొకటి దొరకదు. జింకు మిశ్రమములో సీసము వంటి మాలిన్యము చేరినచో పోతభాగములు ఉబ్బి, పగిలి, పొడియగును. ఈ వ్యాధి 1930ల నాటి బొమ్మలలోనే గాక ఇటీవలి కొన్నిటను కనబడినది. ఒక్క దఫాగా తయారై అమ్ముడుపోయిన నమూనాకు విడిభాగములు లేనప్పుడు దాని రూపసత్యము గాజుబీరువా పాలగును. నాడు పోషణ యుండి సత్యము కొరవడినది. నేడు సత్యము పెరిగి పోషణ తరిగినది.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. ఖరగ్‌పూరు రైలు కర్మాగారములో పనికై వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. అట్టివారి పిల్లలకు మన డబ్ల్యూ.పి. తరగతి యింజనును చూపదలచినచో ఏమగునో యోచింపుడు. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ సంస్థనుండి వచ్చిన ఆ యింజను నడచిన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87వ వంతున అది 19 మిల్లీమీటర్లకు పైబడును. బజారులో సులభముగా దొరకు 16.5 మిల్లీమీటర్ల పట్టాపై నిలిపినచో మన బ్రాడ్‌గేజి విదేశపు గేజిగా కుంచించుకొనిపోవును. 1995లో బ్రాడ్‌గేజిపై ఆవిరి సేవలు ముగిసినవి. ఆ యింజనుల ముందు బొగ్గువేసిన చేతులు వృద్ధములైనవి, సరిదిద్దగలవారు తరుగుచున్నారు.

కావున నమూనాను పరీక్షించువారు భూతద్దముతో పాటు స్క్రూడ్రైవరును కూడ చేతబట్టవలెను. ఏ సంవత్సరపు రూపమో చెప్పని నిర్మాత చరిత్రకు ఋణపడియున్నాడు. విడిభాగము నీయని నిర్మాత కొన్నవానికి ఋణపడియున్నాడు. విడిభాగముల తయారీ మానుకొన్న సంస్థ వాని కొలతల చిత్రములనైనను ప్రకటించినచో, నేర్పరులైన పనివారు వానిని తామే చేసికొందురు. రెండు ఋణములను తీర్చిన నమూనా, రివెట్లు కొన్ని తక్కువైనను, నా దృష్టిలో ఉత్తమము.